మార్తమ్మ పొయ్యి మీద మా పాలు

మొన్న ఆదివారం మా పై పోర్షన్ చూడటానికి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. మెదక్ దవాఖానాలో కొత్తగా నర్సు ఉద్యోగం దొరికిందట. ఊరు శివ్వంపేట దగ్గర. ఫోన్లో ఫోటోలు ముందే చూసుకుంది కాబట్టి మెట్లెక్కి దిగడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బండి ఎక్కడ పెట్టుకోవాలి, వైఫై ఉందా, గేటు ఎన్నింటికి వేస్తారు, అంతే, మూడే మూడు ప్రశ్నలు. నేనే ఓనరమ్మ గొంతు పెట్టుకుని, "ఎంతమంది ఉంటరు? చుట్టాలు ఎక్కువ వస్తరా? పాతవాళ్లు పోవడానికి ఇంక పదిహేను రోజులున్నది, అప్పటిదాక ఒక్క గిన్నె గూడ తేవద్దు" అని వరస పెట్టాను. ఆమె వెంట వాళ్ల అవ్వ కూడా వచ్చింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, మెట్లెక్కలేదు. వాకిట్లో పంపు దగ్గర నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టి, నోట్లో కాసేపు అటూ ఇటూ తిప్పి మింగింది. తర్వాత చేతిసంచిలోంచి ఖాళీ సీసా తీసి, "బిడ్డా, జర గీ సీసల నీళ్లు వట్టుకపోనా? పప్పు ఉడుకుతదో లేదో చూస్త" అంది. "అవ్వా, ఏందే నీ లొల్లి! ఇప్పుడు అందరు క్యాన్ నీళ్లే తాగుతున్నరు" అని లావణ్య తల పట్టుకుంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ సీసా నేనే నింపి మూత బిగించి ఇచ్చాను. వాళ్ల ఆటో వీధి మలుపు తిరిగాక కూడా పంపు కట్టేయడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

మా అవ్వ రాజవ్వ, అంటే మా నాయిన తల్లి, సరిగ్గా ఇలాగే సీసాలు పట్టుకుని ఊరంతా తిరిగింది. నేను తొమ్మిది పాసై పదిలోకి వచ్చిన ఎండాకాలం అది. మెదక్‌లో ఎక్కడ చూసినా పెంకుటిళ్లు విప్పి స్లాబులు వేస్తున్నారు. ఎస్టీడీ బూతులు వచ్చాయి, కేబుల్ తీగలు ఈ డాబా మీంచి ఆ డాబా మీదికి పాకాయి, ఇటుకల ట్రాక్టర్ రాని గల్లీ లేదు. మేం కిరాయికి ఉన్న ఇంటి ఓనరు కిరాణా దుకాణం శేఠ్. మంచివాడే, పండక్కి బెల్లం ఊరికే ఇచ్చేవాడు. ఆయనకూ స్లాబు మీద మనసు పడింది. ఒకరోజు వచ్చి, "వానలు వడకముందే పెంకలు తియ్యాలె. మీరు జర జల్ది వేరే ఇల్లు చూసుకోండ్రి" అన్నాడు. అదేం పెద్ద సంగతి, ఊళ్లో ఇళ్లు లేవా అనుకున్నాం. ఇళ్లు ఉన్నాయి. మా నాయిన జీతానికి అందే కిరాయి, అమ్మ కుట్టుమిషన్ పెట్టుకునే జాగా, ఈ రెండూ ఒక్క కప్పు కింద లేవు.

నాయిన బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు ముందు కిరోసిన్‌తో, తర్వాత రంపపు పొట్టుతో, చివరికి సబ్బుతో కడిగేవాడు. అయినా అన్నం కలిపేటప్పుడు డీజిల్ వాసన వచ్చేది. ఆ వాసన లేకపోతే నాయిన ఇంకా రాలేదనిపించేది నాకు. అమ్మ, పేరు సత్తెమ్మ, జాకెట్లు కుట్టేది. తొక్కుడు మిషన్ మీద ఆమె పాదం ఆడుతుంటే ఆ చప్పుడుకే నేను చదువుకునేదాన్ని, నిద్రపోయేదాన్ని. ఆ మిషనే ఇప్పుడు మాకు అడ్డం పడింది. ఏ గడప ఎక్కినా ఓనరమ్మలు ముందు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టేవాళ్లు. "మీరేంటోళ్లు? ఎంతమంది? నీళ్లు ఎన్ని బిందెలు వాడ్తరు? ముసలామె ఇంట్లనే ఉంటదా?" అన్నిటికీ అమ్మ ఓపికగా జవాబు చెప్పేది. "మిషన్ గూడ ఉన్నది" అనగానే ఓనరమ్మ మొహం మారిపోయేది. "అగో, గా చప్పుడు నాకు తల్నొప్పమ్మా. ఆడోళ్లు వస్తనే ఉంటరు, పోతనే ఉంటరు, మా గేటు అరిగిపోతది." గేటు అరుగుతుందట! ఇనప గేటు జాకెట్లు కుట్టించుకునే వాళ్ల చేతులకు అరుగుతుందని ఆ వీధి ఆడవాళ్లకే తోచింది. ఇంకొక చోట బాత్‌రూం మూడిళ్ల వాళ్లకు ఒకటే. మరొక చోట ఇల్లు బంగారంలా ఉంది కానీ పంపుకు తాళం, తాళంచెవి ఓనరమ్మ బొడ్లో.

ఇదంతా ఒక ఎత్తు, మా అవ్వ పరీక్ష ఒక ఎత్తు. మెదక్‌లో గల్లీకో రకం బోరు నీళ్లు. కొన్నిటిలో గంటసేపు ఉడికించినా కందిపప్పు గులకరాళ్లలా ఉండిపోతుంది. మా అవ్వకు గోడ, తలుపు, దిక్కు, అన్నీ తర్వాత. ఓనరమ్మను ఒప్పించి ఒక సీసాలో నీళ్లు పట్టించుకునేది. ఇంటికి తెచ్చి, అదే గిన్నె, అదే పిడికెడు పప్పు, అదే కిరోసిన్ స్టవ్. రేడియోలో మధ్యాహ్నం పాటలు మొదలవుతుండగా పెట్టి, అయిపోగానే దించేది. వేళ్ల మధ్య ఒక్క బద్ద పెట్టి నలిపి, "ఊహూఁ, పనికిరాదు" అనేది. ఆమెకు చదువు రాదు కదా, ఏ సీసా ఏ ఇంటిదో గుర్తుకు అమ్మ మిషన్ కింద రాలిన దారాలు ఏరి సీసా మెడకు కట్టేది. ఎర్రదారం పోలీస్ స్టేషన్ వెనక ఇల్లు, పచ్చదారం తాళం వేసిన పంపు, నల్లదారం గేటు అరిగే ఇల్లు. వంటింటి గూట్లో వరసగా తొమ్మిది సీసాలు. నాయిన డ్యూటీ నుంచి వచ్చి, దాహమై ఒకదాని మూత తీయబోతే, "అగ్గొ, గది ముట్టకురా! గది ఇంక ఉడకవెట్టలే!" అని అవ్వ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాకు భయం పట్టుకున్నది అప్పుడే. నాయిన ఒక పూట అన్నం తింటూ మామూలుగా అన్నాడు: "దొరకకపోతే ఏం జేస్తం. నేను డిపోల ఎక్కడ్నో ఒక్కడ వండుకుంట. మీరు ముగ్గురు ఊరికి పోండ్రి." ఊరంటే చేగుంట అవతల మా ఊరు. అక్కడ బడి ఏడో తరగతి వరకే. నా పదో తరగతి సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ నా వైపు చూసి చూపు తిప్పుకుంది. నేను ఆ రోజు మిషన్ వెనక కూర్చుని, గుడ్డపేలికలతో మొహం కప్పుకుని ఏడ్చాను. ఆ పేలికల కొత్తబట్ట వాసన తగిలితే ఇప్పటికీ నాకు పదో తరగతి పోతుందేమోనని ఒక్క క్షణం భయమేస్తుంది.

పదో సీసా, తెల్లదారానిది, తనంతట తానే మా ఇంటికి నడిచి వచ్చింది. చర్చి బడిలో లెక్కలు చెప్పే సలోమి టీచర్ అమ్మ దగ్గర తెల్ల జాకెట్లు కుట్టించుకునేది. కొలతలిస్తూ మాటల్లో, "నాకు శంకరంపేట బడికి బదిలీ అయింది. శనివారం ఖాళీ చేస్తున్న" అంది. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. వాటిని ఊసేసి, "మీ నీళ్లల్ల పప్పు ఉడుకుతదా టీచరమ్మా?" అని అడిగింది. కిరాయి ఎంత, గదులెన్ని, ఏమీ లేదు. అవ్వ పిచ్చి అమ్మకు కూడా పట్టింది. సాయంత్రానికల్లా అవ్వ సీసాతో వెళ్లింది, నేనూ వెళ్లాను. చర్చి గోపురం కనిపించే గల్లీలో పెంకుటిల్లు, రెండు గదులు, వంటిల్లు, వీధి మీదికి వరండా. వరండా చూడగానే అక్కడ మిషన్ పెట్టేసినట్టే అనిపించింది నాకు. టీచరమ్మ తల్లి మార్తమ్మ మంచం మీద కూర్చుని రేడియో పెద్దగా పెట్టుకుని వార్తలు వింటోంది. అవ్వ నీళ్లు పట్టుకుంటుంటే, "ఎందుకక్కా గా నీళ్లు, చర్చిల చల్లుతవా?" అంది. "పప్పు ఉడకవెడ్త." "గిదేం పరీచ్చ! మా పప్పు రెండు పొంగులకే పాయసమైతది, పో, చూసుకో." అలాగే అయింది. మర్నాడు రేడియోలో రెండో పాట అయ్యేసరికి పప్పు మెత్తగా విడిపోయింది. అవ్వ గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చి పక్కింటి వాళ్లకు కూడా చూపించింది.

ఆ ఇంటి ఓనరు చేగుంటలో రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపేవాడు. నెలకోసారి తప్ప మెదక్ రాడు. నాయిన బస్సెక్కి వెళ్లి అడిగితే, "డిపోల జేస్తవా? బోరు మోటరు బాగుజేస్తవా? అయితే పాత కిరాయికే ఉండు" అన్నాడట. మిషన్ సంగతి అడగనే లేదు. ఇక అయ్యగారు పంచాంగం చూసి గురువారం పొద్దున తప్ప మంచి ఘడియ లేదన్నాడు, ఆ తర్వాత ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు మారరు. శేఠ్ సోమవారం పెంకులు తీస్తాడు. టీచరమ్మేమో శనివారం దాకా ఉంటుంది. అమ్మ, అవ్వ తలలు దగ్గరపెట్టి లెక్క చూసుకున్నారు. పాలు గురువారమే పొంగించేస్తే ఇంట్లోకి వచ్చేసినట్టే, సామాను శనివారం తేవచ్చు. తీరికగా కూర్చుని ఆలోచించిన ఇద్దరు తెలివైన ఆడవాళ్లకు, ఇంకొకరు కాపురం ఉన్న ఇంట్లో గృహప్రవేశం చేస్తున్నామని తోచలేదు. అడిగితే టీచరమ్మ కూడా, "దానికేముంది, వచ్చి పొంగించుకోండి" అనేసింది.

గురువారం తలకు పోసుకుని, బిందెతో నీళ్లు, వెంకటేశ్వరస్వామి పటం, పసుపు, ఉప్పు, బియ్యం పట్టుకుని బయలుదేరాం. మా స్టవ్‌లో కిరోసిన్ అయిపోయింది కాబట్టి పాలు టీచరమ్మ గ్యాస్ పొయ్యి మీదే. గిన్నె కూడా వాళ్లదే, మార్తమ్మ రోజూ వాడే ఇత్తడి గిన్నె. ఆ పొయ్యిని శంకరంపేట తీసుకుపోవడానికి ఆమె ముందురోజే రాచి రాచి తోమి పెట్టుకుంది. అమ్మ కళ్లు మూసుకుని దండం పెడుతోంది, పాలు అంచుదాకా వచ్చాయి. "అయ్యయ్యో, మంట తగ్గించు!" అని మార్తమ్మ చెయ్యి పెట్టబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టేసుకుంది. "ముట్టకు! పొంగాలె!" పాలు బుస్సుమని పొంగి పొయ్యంతా పారి, మంట ఆరి, ఇల్లంతా మాడు వాసన. మార్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "నా జిందగంత పాలు పొంగకుండ కావలిగాస్తి. మీరు పొంగాలని గింతమంది నిలవడి చూస్తిరి!" అంది. అంతే, ముందు టీచరమ్మ నవ్వింది, తర్వాత నేను, తర్వాత దండం పెడుతున్న అమ్మ కూడా. ఆ పాలతో అమ్మ పరమాన్నం వండింది. మార్తమ్మ రెండుసార్లు పెట్టించుకుంది.

సర్దుకుని బయలుదేరబోతుంటే అవ్వ కదల్లేదు. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. "లెవ్వు అత్తా, పోదం" అంది అమ్మ. "యాడికి? పాలు పొంగిచ్చి దీపం వెట్టినంక ఇల్లు ఇడిచి పోతరా? మూడు నిద్రలు జెయ్యాలె." అమ్మ మొహం చూడాలి! కొత్తింట్లో మూడు రాత్రులు నిద్ర చేయాలన్నది నిజమే, అందరూ చేస్తారు. కానీ ఆ ఇంట్లో ఇంకా టీచరమ్మ మంచాలున్నాయి, బీరువా ఉంది, టీచరమ్మ ఉంది. "అత్తా, వాళ్ల ఇల్లు అత్తా ఇది" అని అమ్మ గుసగుసగా అంది. "పాలు పొంగిచ్చినంక వాళ్లదెట్లైతది?" అని అవ్వ గట్టిగా అంది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుంటోంది. మార్తమ్మ మాత్రం రేడియో తగ్గించి, "ఉండనియ్యండ్రి. నాకు మాట్లాడెతందుకు మనిషి దొర్కింది. ఈమె ఎప్పుడు జూసినా పేపర్లు దిద్దుతనే ఉంటది" అని కూతుర్ని చూపించింది. నన్ను పంపి మా ఇంట్లోంచి అవ్వ ఈతచాప తెప్పించారు. అవ్వకు తోడు నేనూ ఉన్నాను. గురువారం నిద్ర అయింది, శుక్రవారం నిద్ర అయింది. పొద్దున్నే ముసలమ్మలిద్దరూ వరండాలో కూర్చుని చాయ్ ఊదుకుంటూ, తమ కాలంలో పిల్లలు ఎట్లా పుట్టేవాళ్లో, జొన్నలు ఎట్లా పండేవో, ఒకరి మాట ఒకరు వినకుండా ఇద్దరూ ఒకేసారి చెప్పుకునేవాళ్లు.

శనివారం మధ్యాహ్నం టీచరమ్మ బడి నుంచి చేతిలో కాగితంతో వచ్చింది. శంకరంపేట బడిలో ఉన్న టీచరమ్మ ఎక్కడికో బదిలీ మీద వెళ్లాలి. ఆమెకు అక్కడ ఇల్లు దొరకలేదట! ఆషాఢం ముంచుకొచ్చింది, పోనని మొర పెట్టుకుందట. ఆమె కదలకపోతే ఈమె వెళ్లడానికి లేదు. "వచ్చే ఏడాది చూద్దామన్నరు" అని టీచరమ్మ మంచం మీద కూలబడింది. మా అమ్మ అప్పటికే వరండాలో మిషన్ ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీతలు గీసుకుంటోంది. చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. వేరే ఇంటికి వెళ్లలేం, పాలు ఇక్కడ పొంగాయి, మంచిరోజులు అయిపోయాయి. ఇక్కడ ఉండలేం, వాళ్లు పోవడంలేదు. సోమవారం మా నెత్తిమీద పెంకులు ఉండవు. సాయంత్రం నాయిన వచ్చి సంగతి విని, ఎవరినీ ఏమీ అనకుండా, "సోమవారం పొద్దుగాల బస్సుకు మిమ్ముల్ని ఊరికి తోలుకపోత" అన్నాడు. సలోమి టీచర్ నా వైపు చూసి, "ఈ పిల్ల పది కదా?" అంది. మొదటిసారి ఆ మాట ఒకరి నోట్లోంచి వచ్చినందుకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ మాత్రం చాప పరుచుకుంది. "ఏమన్నగాని, మూడో నిద్ర బాకీ ఉన్నది" అంది.

ఆదివారం పొద్దున టీచరమ్మ, మార్తమ్మ గంజిపెట్టిన తెల్లచీరలు కట్టుకుని చర్చికి వెళ్లారు. మేం చాప చుట్టి, పటం గోడమీంచి తీసి, వాళ్లు రాగానే చెప్పి పోదామని వరండాలో కూర్చున్నాం. నాయిన కూడా వచ్చి నిలబడ్డాడు. మార్తమ్మ గేటులోంచే చూసింది, పటం అవ్వ ఒళ్లో ఉంది.

"రాజక్కా, మూడు నిద్రలు అయినయా?"

"అయినయి."

"మూడు నిద్రలైతే ఇల్లు నీదైనట్టేనా, కాదా? సక్కగ చెప్పు."

"అయినట్టే. గని ఏం ఫాయిదా?"

"మరి నేను పన్నెండేండ్లసంది నిద్ర జేస్తున్న గీ ఇంట్ల. నాది గూడ అయినట్టే గదా. ఇల్లు ఇద్దరిదైనంక ఎవలు ఎవల్ని ఎల్లగొడ్తరు? ముందటి అర్ర మీకు, లోపలి అర్ర మాకు. వరండల మిషన్. పోయి గా పటం ఎక్కడికెళ్లి తీసినవో అక్కడ వెట్టు."

నాయిన ఏదో అనబోయాడు. "నువ్వు గమ్మునుండు బిడ్డా, పెద్దోళ్లం మాట్లాడుతున్నం" అని ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. టీచరమ్మ నవ్వుతూ, "మా అమ్మ చెప్పినంక ఇంక ఆర్డర్ వచ్చినట్టే" అంది. నేను మిగతావాళ్ల కంటే ముందు పరుగెత్తి ఆ పటాన్ని మేకుకు తగిలించాను. వంకరగా తగిలించానని అవ్వ తిట్టింది. ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. ఓనరు కూడా, "ఇద్దరు కలిసి ఇస్తే నాకేం బాధ, మోటరు మాత్రం జర చూసుకో" అన్నాడట. సగం కిరాయికి అంత మంచి ఇల్లు మెదక్‌లో ఇంకెవరికీ దొరకలేదని నాయిన డిపోలో ఏడాదంతా చెప్పుకున్నాడు.

ఒక్క ఆషాఢం గడిస్తే చాలు, శ్రావణంలో ఇల్లు వెతుక్కుందామనుకున్నాం. శ్రావణం వచ్చింది, పోయింది, ఎవరూ ఇల్లు మాట ఎత్తలేదు. అలాగని అంతా పాలూ నీళ్లూలా కలిసిపోయామని కోతలు కోయను. వంటింట్లో రెండు పొయ్యిలు, ఇద్దరు ముసలమ్మలు. శనివారాలు అవ్వ నీచు ముట్టదు. మార్తమ్మ వారం మరిచిపోయి ఒక శనివారం ఎండుచేపలు వేయించింది. అవ్వ సాయంత్రం దాకా మాట్లాడలేదు, ఆదివారం అవే చేపలు అడిగి తింది. అవ్వ జొన్నరొట్టెలు చప్పుడు చేస్తూ కొడుతుంటే వార్తలు వినపడక మార్తమ్మ రేడియో పెంచేది, రేడియో పెరిగితే అవ్వ ఇంకా గట్టిగా కొట్టేది, ఈ రెంటి మధ్య అమ్మ మిషన్. ఇంత గోలలో సలోమి టీచర్ నన్ను తెల్లవారుజామున లేపి లెక్కలు చేయించేది. తప్పు చేస్తే కొట్టదు, పెన్సిల్ కింద పెట్టి, "మళ్లీ" అంటుంది. దెబ్బయినా నయం అనిపించేది. అమ్మ ఫీజు తీసుకోమంటే, జాకెట్లు కుట్టిపెట్టమంది. ఆ ఏడాది మెదక్‌లో సలోమి టీచరంత చక్కగా కుట్టిన జాకెట్లు తొడుక్కున్నవాళ్లు లేరు.

బతుకమ్మ వచ్చినప్పుడు తంగేడు ఎక్కడ విరగబూసిందో మార్తమ్మకే తెలుసు. నన్ను వెంటేసుకుని పొద్దున్నే వెళ్లి ఒడి నింపుకొచ్చింది. తను ఆడలేదు కానీ, వరస వంకర పోతే మాత్రం ఊరుకోలేదు, అవ్వ చేతిలోంచి పూలు లాక్కుని తనే పేర్చింది. క్రిస్మస్‌కు అవ్వ వాకిలి అలికి, "టీచరమ్మా, మీ సుక్కకు ఎన్ని మూలలు?" అని అడిగి, ఐదు మూలల చుక్క ముగ్గు గేటుదాకా వేసింది. చర్చికి పోయే జనం దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తుంటే, వరండాలో కూర్చుని ఆమె పడ్డ గర్వం ఇంతా అంతా కాదు.

నేను పది పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో. టీచరమ్మకు చెప్పడానికి పరుగెత్తుకొస్తే, లెక్కల్లో ఎన్ని పోయాయని అడిగింది. ఆ ఎండాకాలంలోనే బదిలీ కాగితం మళ్లీ వచ్చింది, ఈసారి నిజంగానే. సామాను ట్రాక్టర్‌లోకి ఎక్కుతుంటే మార్తమ్మ ఆ ఇత్తడి గిన్నె తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ఏడుస్తూ తీసుకుంది. మార్తమ్మ ట్రాక్టర్ ఎక్కలేదు. వచ్చి అవ్వ ముందు నిలబడి, "ఊకె చూస్తున్నవేంది? చాప పట్టు, నడువు" అంది. "యాడికి?" "శంకరంపేటకు. కొత్తిల్లు. మూడు నిద్రలు నువ్వు జెయ్యకుంటే గా ఇల్లు నాదెట్లైతది?" అవ్వ చాప చుట్టి చంకలో పెట్టుకుంది. గూట్లోంచి ఖాళీ సీసా తీసుకుంది. ఇద్దరూ ట్రాక్టర్ వెనక బీరువాకు ఆనుకుని కూర్చుని వెళ్లిపోయారు. మూడు నిద్రలకని పోయిన మనిషి పదకొండు రోజులకు వచ్చింది. సీసా మెడకు నీలిదారం ఉంది. "మంచిగ ఉడుకుతది" అంది, అలసిపోయినా మొహం వెలిగిపోతోంది.

చాలా ఏళ్ల తర్వాత, తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు జరుగుతున్నప్పుడు, మెయిన్ రోడ్డులో ఇటుకల పొయ్యిల మధ్య వాళ్లిద్దరూ చివరిసారి కలిశారు. మార్తమ్మను సలోమి టీచర్ పట్టుకుని నడిపించింది, అవ్వను నేను. ఇద్దరికీ చెవులు అంతంతమాత్రం. బస్సులు లేవు, లారీలు లేవు, ఊరంతా రోడ్డు మీదే కూర్చుంది. పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతుంటే అవ్వ గరిటె పట్టిన కుర్రాళ్లను గదమాయించింది: "ఏ బోరు నీళ్లురా గివి? ముందుగాల అడిగిన్రా లేదా?" మార్తమ్మ ఆ రోడ్డు మీద పడీ పడీ నవ్వింది. రాష్ట్రం వచ్చింది, మెదక్ జిల్లా కేంద్రమైంది, ఆఫీసులొచ్చాయి, ఇళ్ల కిరాయిలు ఎక్కడికో పోయాయి. ముసలమ్మలిద్దరూ మాత్రం ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

నేను లెక్కల టీచర్నే అయ్యాను, ఇంకేమవుతాను. ఇల్లు కట్టుకున్నాం, పైన పోర్షన్ వేశాం. అద్దె కాగితం రాయించుకుంటాను, అడ్వాన్సు తీసుకుంటాను, ఆధార్ జిరాక్సు అడుగుతాను. ఇవన్నీ తప్పని నేననను, రోజులు అలాగున్నాయి. కానీ మొన్న ఆ పిల్లను, "ఒక్క గిన్నె గూడ తేవద్దు" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గేటు అరిగిపోతుందన్న ఓనరమ్మ గొంతది. వాళ్లు వెళ్లిపోయాక నాకు నిజంగా సిగ్గేసింది. అటక మీద ఇత్తడి గిన్నె దింపి చింతపండుతో తోముతూ కూర్చున్నాను.

నిన్న మధ్యాహ్నం లావణ్య నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే వాళ్ల అవ్వ. "బిడ్డా, ఉడికింది! మెత్తగ ఉడికింది" అని సంతోషంగా అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, నసుగుతూ, "గురువారం మంచిగున్నదట. ఎన్కనుంచి ఆషాఢం వడ్తది. మీ పాతోళ్లు ఇంక ఉన్నరంటివి గదా…" అంది. వెనకనుంచి లావణ్య, "అవ్వా, వద్దే, ఆంటీ ముందే చెప్పింది, ఇంకో ఇల్లు చూద్దాంలే" అంటోంది. నేను పైకి చూశాను. పై పోర్షన్ వాళ్ల బట్టలు తీగమీద ఆరుతున్నాయి.

"అవ్వా, గురువారమే రాండ్రి. పాలు కింద మా పొయ్యి మీద పొంగియ్యండ్రి, గిన్నె గూడ తోమి పెట్టిన. ఇల్లు ఒక్కటే గదా" అన్నాను.

అటువైపు నుంచి ముసలామె, అడగాలా వద్దా అన్నట్టు, "మరి… మూడు నిద్రలు?" అంది.

"చాప తేకండ్రి," అన్నాను, "నా దగ్గర ఉన్నది."